వెలగని నెత్తురు

పదింటికి ఇంకా అయిదు నిమిషాలుందనగా వదినగారు ల్యాబ్‌లో అడుగుపెట్టింది. ముందు గోడ గడియారం చూసింది, తర్వాత తన చేతి గడియారం చూసుకుంది, ఆ తర్వాతే అక్కడున్న మనుషుల్ని చూసింది.

"మీ గోడ గడియారం రెండు నిమిషాలు ముందుంది," అంది.

"వదినా, నేనిక్కడికి వచ్చింది ఒక చావు సంగతి తేల్చడానికి. గడియారాలు బాగుచేయడానికి కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మనిషి ఎన్నింటికి వచ్చాడో, ఎన్నింటికి పోయాడో ఆ గడియారం చూసే కదా రాసుకున్నావు? మరైతే దాని సంగతి ముందు తేలాలి."

ఇన్‌స్పెక్టరు ఆవిడకు సొంత మరిది. పెళ్ళయి ఇంటికొచ్చిన రోజున నిక్కరు వేసుకుని గోళీలాడుకుంటున్నవాడు. ఇప్పుడు నడుముకు తుపాకీ కట్టుకు తిరుగుతున్నా ఆవిడ కంటికి ఆ గోళీలే కనిపిస్తాయి. ఆయన "వదినా, వదినా" అని పిలవగా పిలవగా స్టేషన్లో జవాన్ల దగ్గర్నుంచి లాకప్పులో దొంగల దాకా అందరికీ ఆవిడ వదినగారైపోయింది. ఒకసారి ఆవిడ ఇంట్లో దొంగ పడ్డాడట. ఆవిడ మంచం మీద లేచి కూచుని వాణ్ణి ప్రశ్నలడగడం మొదలుపెట్టిందట. వాడు జవాబులు చెప్పలేక, తెల్లవారేసరికి తానే స్టేషన్‌కు వెళ్ళి, "అయ్యా, నన్ను లోపలేసి ఆవిడ నుంచి కాపాడండి" అని కాళ్ళ మీద పడ్డాడట. ఇందులో అబద్ధం పాలు సగమే. మరిది అరెస్టు చేసినవాళ్ళలో ఇప్పటికి నలుగుర్ని వదినగారు విడిపించింది. ముగ్గురు నిజంగానే ఏ పాపం ఎరుగరు. నాలుగోవాడి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఈసారి అరెస్టు కావలసిన మనిషి గది మూలన స్టూలు మీద కూచుని ఉంది. ల్యాబ్ అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. తెల్ల కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏడవకూడదని పళ్ళు బిగించి కూచుంది. వదినగారికి ఈ కేసు ఒప్పజెప్పింది ఆ పిల్ల అత్తగారు. "మా కోడలు కాఫీ ఇస్తే కప్పు మీద ఎవరిదో చీటీ అంటించి మరీ ఇస్తుందమ్మా. చీటీ లేని కప్పు పారబోస్తుంది. అది రక్తం గొట్టాలు మార్చేసిందంటే నేను నమ్మను," అంది ఆవిడ. అత్తగారు కోడల్ని వెనకేసుకొచ్చిన కేసు అని వదినగారు ఫీజు మాట కూడా ఎత్తకుండా బయల్దేరింది.

"ఎన్నింటిదాకా టైమిస్తావు?" అని మరిదిని అడిగింది.

"పదకొండున్నరకి జీపు వస్తుంది. ఆ పిల్లని ఎక్కించుకుంటాను. అంతే."

"అయితే గంటన్నర ఉంది. ముందు నీ కథ చెప్పు. కోతలు కోయకుండా చెప్పు."

ఇన్‌స్పెక్టరు టోపీ బల్ల మీద పెట్టి వేళ్ళు మడిచాడు. ఆరు రోజుల కింద, తాళాల ఫ్యాక్టరీ యజమాని ఛాతీ బరువుగా ఉందని ఈ ఆస్పత్రికి వచ్చాడు. తొమ్మిదీ పన్నెండుకు ఇదే గదిలో ఇదే అమ్మాయి రక్తం తీసింది. గుండె దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే పరీక్ష చేసింది. తొమ్మిదీ యాభైకల్లా రిపోర్టు వచ్చింది: మూడు కంటే తక్కువ. పద్నాలుగు దాటితేనే భయం. డ్యూటీ డాక్టరు చూసి, గ్యాసు నొప్పి అని చెప్పి, పదీ అయిదుకు ఇంటికి పంపేశాడు. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఆ మనిషి కుర్చీలోనే ఒరిగిపోయాడు. శవాన్ని కోసి చూసిన డాక్టరు, గుండె కండ కిందటి రాత్రి నుంచే చచ్చుబడుతూ వచ్చిందని రాశాడు.

"అంటే తొమ్మిదింటికి ఆయన రక్తంలో ఆ ప్రొటీను వందల్లో ఉండాలి. ఈ ట్యూబులో లేదు. కాబట్టి ఈ ట్యూబులో ఉన్నది ఆయన రక్తం కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కాబట్టి అనే మాట నీకు నోట్లో చక్కెరలాంటిది. ఇంకేముంది?"

"థైరాయిడ్ ఉంది. నీరసం అన్నాడని డాక్టరు అది కూడా చేయించాడు. అందులో థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తున్నట్టు వచ్చింది. అలాంటివాళ్ళు ఎండు పుల్లల్లా ఉంటారట, చేతులు వణుకుతాయట, గుండె దడదడలాడుతుందట. చనిపోయినాయన తొంభై అయిదు కిలోలు. నాడి అరవై రెండు. కానీ క్యూలో ఆయన ముందు ఒక బక్కపిల్ల వచ్చింది. ఆ పిల్లకి రెండేళ్ళుగా ఇదే జబ్బు. అర్థమైందా వదినా? ఆ పిల్ల రక్తం ఈయన ట్యూబులోకి వచ్చింది."

"మరి ఈయన రక్తం ఎవరి ట్యూబులోకి వెళ్ళింది?"

"సింకులోకి వెళ్ళి ఉంటుంది."

"చూశావా?"

"ఆరు రోజుల కిందటి సింకుని నేనెలా చూస్తాను!"

మూలనుంచి అమ్మాయి గొంతు వినిపించింది. "నేను మార్చలేదు మేడమ్. సూది బయటికి తీయకముందే చీటీ అంటిస్తాను. రిపోర్టు తేడాగా ఉందని మర్నాడు పోలీసులొస్తే, మిగిలిన రక్తం ఫ్రిజ్‌లోంచి తీసి మూడుసార్లు మళ్ళీ చేశాను. మూడుసార్లూ మూడు కంటే తక్కువే."

"అదీ విను వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తప్పు మెషిన్‌ది కాదని తనే ఒప్పుకుంది. కంపెనీ మనిషి కూడా చెప్పాడు. మూడుసార్లు చేయించమని సలహా ఇచ్చింది కూడా అతనే. ఇదిగో, మాటల్లోనే వచ్చాడు."

గాజు తలుపు తోసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడు లోపలికి వచ్చాడు. చేతిలో పనిముట్ల సంచి, ముఖాన మర్యాద. ల్యాబ్‌లో అందరూ అతన్ని మెషిన్ల అబ్బాయి అంటారు. ఆస్పత్రులకు మెషిన్లు బిగించడం, చెడితే బాగుచేయడం అతని పని.

"నమస్తే మేడమ్. మెషిన్ నిక్షేపంలా ఉంది. నిన్నే చూశాను. కావాలంటే కాగితం రాసిస్తాను," అన్నాడు.

"పొద్దున్నే ఇటొచ్చారు, రిపేరా?"

"లేదండీ. మా నాన్నగారికి కాస్త ఆయాసంగా ఉంటే కింద చూపించాను. రక్తం ఇక్కడే చేశారు. నార్మలే. గంటసేపు పడుకోబెట్టి పంపిస్తామన్నారు." అతను అమ్మాయి వైపు తిరిగి, "థాంక్స్ అండీ," అని రిపోర్టు కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"చూశావా, ఎంత పద్ధతైన కుర్రాడో," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వదినగారు ఆ మాట విననట్టు అమ్మాయి పక్కన ఇంకో స్టూలు లాక్కుని కూచుంది. "అమ్మా, నాకు చదువు తక్కువ. మూడో తరగతి పిల్లకి చెప్పినట్టు చెప్పు. ఈ పెట్టె రక్తంలో ప్రొటీనుని ఎలా కనిపెడుతుంది?"

పని గురించి అడిగేసరికి ఆ పిల్ల వెన్ను నిటారుగా అయింది.

"గుండె కండ దెబ్బతింటే ట్రోపోనిన్ అనే ప్రొటీను రక్తంలోకి కారుతుంది మేడమ్. సముద్రంలో కాకిరెట్టంత. ఏ కంటికీ కనపడదు. అందుకని దాన్ని పట్టుకోవడానికి ఇద్దర్ని వదులుతాం. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుంటారు. ఒకడి చేతిలో దీపం ఉంటుంది, ఇంకా వెలిగించని దీపం. రెండోవాడి నడుముకి తాడుంటుంది. ఆ తాడు కొస వెళ్ళి సన్నటి ఇనప పూసలకి చిక్కుకుంటుంది. కింద అయస్కాంతం పూసల్ని పట్టి ఉంచుతుంది. అప్పుడు బాగా కడిగేస్తాం. పూసకి చిక్కుకున్న జట్టు మిగులుతుంది, మిగతావాళ్ళంతా కొట్టుకుపోతారు. ఆఖర్న ఒక మందు చుక్క వేస్తే దీపాలు వెలుగుతాయి."

"నిప్పు లేకుండా?"

"నిప్పూ లేదు, బల్బూ లేదు. రసాయనమే వెలుగుతుంది."

"మిణుగురు పురుగులాగా."

"అచ్చం అలాగే. పెట్టె లోపల కటిక చీకటి. అందులో ఎంత వెలుగొస్తే రక్తంలో అంత ప్రొటీను ఉన్నట్టు."

"థైరాయిడ్‌క్కూడా ఇదే పద్ధతా?"

"థైరాయిడ్‌ని నడిపించే ప్రొటీను పెద్దది, దానికి ఇదే పద్ధతి. అది తక్కువ వచ్చింది. థైరాయిడ్ తయారుచేసే సరుకు మాత్రం చిన్నది, ఇద్దరు పట్టుకునే చోటుండదు. అందుకని దానికి లెక్క తిరగేస్తాం. వెలుగు తగ్గితే సరుకు ఎక్కువున్నట్టు. అది ఎక్కువ వచ్చింది."

వదినగారు మరిది నోటుబుక్కు లాక్కుని, ఆయన రాసుకున్న మూడు అంకెల కింద మూడు గీతలు గీసింది. చాలాసేపు చూసింది.

"గుండె ప్రొటీను తక్కువ. అంటే వెలుగు తక్కువ. నడిపించే ప్రొటీను తక్కువ. అంటే వెలుగు తక్కువ. సరుకు ఎక్కువ. అంటే?"

"వెలుగు తక్కువ," అంది అమ్మాయి. అన్నాక ఆ పిల్ల నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"నువ్వు అంకెలు చూశావు మరిదీ, తక్కువ, తక్కువ, ఎక్కువ అని. నేను దీపాలు చూస్తున్నాను. మూడూ మసకే. ఇది బక్కపిల్ల రక్తం కాదు. ఈ రక్తంలో దీపం నిలవడం లేదు."

"మూడుసార్లు చేసినా..."

"ఒకే సాక్షిని మూడుసార్లు పిలిచి, నాకు ముగ్గురు సాక్షులున్నారంటే జడ్జి నవ్వుతాడు. మెషిన్‌లో ఏ లోపమూ లేదు సరే. మెషిన్ కళ్ళల్లో ఎవరైనా దుమ్ము కొడితే?" ఆవిడ లేచి మెషిన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "ఈ మందు సీసాలతో పాటు ఒక కాగితం వస్తుంది కదా? ఏం చేయాలో, ఏం చేయకూడదో రాసి?"

అమ్మాయి తల దించుకుంది. "చాలా పెద్దది మేడమ్. చీమల బారులా ఉంటుంది. పెట్టె పెట్టెకీ అదే వస్తుంది. ఎవరూ..."

"ఎవరూ చదవరు. ఎక్కడుంది?"

ఆ పిల్ల నేల వైపు చూపించింది. మెషిన్ పక్కనున్న బల్లకు ఒక కాలు పొట్టి. ఆ కాలు కింద కాగితం ఎనిమిది మడతలు పెట్టి దోపారు. బల్ల కదలకుండా రెండేళ్ళుగా ఆ కాగితం చేస్తున్న ఉద్యోగం అదీ.

వదినగారు చదవని కాగితం ఇంకా ఈ లోకంలో అచ్చు కాలేదు. చాకలి చీటీ దగ్గర్నుంచి పొట్లం కట్టిన పాత పరీక్ష పేపరు దాకా వదలదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నేల మీద చతికిలబడింది. "బల్ల ఎత్తు," అని ఇన్‌స్పెక్టరును ఆజ్ఞాపించింది. అధికారం గల పోలీసు అధికారి బల్ల ఎత్తి పట్టుకుని నిలబడగా, ఆవిడ కాగితం లాగి, మడతలు విప్పి, కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని చదవసాగింది.

"వదినా, చెయ్యి పీకుతోంది."

"ఆరో పేజీలో ఉన్నాను. ఓర్చుకో."

పదీ ముప్ఫై ఎనిమిదికి ఆవిడ వేలు ఒక వరుస మీద ఆగింది. పైకి చదివింది. బయోటిన్ ఎక్కువ మోతాదులో తీసుకునేవారి రక్తంతో ఈ పరీక్ష తప్పుగా రావచ్చు. చివరి మోతాదు తర్వాత ఎనిమిది గంటలు గడిచాకే రక్తం తీయాలి.

"బయోటిన్ అంటే జుట్టు మాత్రల్లో ఉండేదేనా?"

అమ్మాయి స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. "అదే మేడమ్. ఇందాక తాడన్నాను చూడండి, ఆ తాడు బయోటినే. పూసల మీద దానికోసం నోళ్ళు తెరుచుకున్న కొక్కేలుంటాయి. రక్తంలోనే బయోటిన్ బోలెడుంటే ఆ నోళ్ళు ముందే నిండిపోతాయి. మన తాడుకి చోటుండదు. కడిగినప్పుడు ప్రొటీనూ, దీపం పట్టుకున్నవాడూ అంతా కొట్టుకుపోతారు." "ఆయన అన్నారు మేడమ్! సూది గుచ్చుతుంటే నవ్వుతూ అన్నారు. 'రక్తం తీస్తే జుట్టు రాలదు కదమ్మా? మూడు నెలలుగా పాలల్లో పొడి తాగి ఈ నాలుగు వెంట్రుకలు మొలిపించుకున్నాను' అన్నారు. నేనూ నవ్వాను. మందులేమైనా వాడుతున్నారా అంటే లేదన్నారు. జుట్టు పొడిని ఎవరు మందనుకుంటారు?"

"పుకారు మీద కేసు నడవదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, చేతులు దులుపుకుంటూ. కానీ ఆయన గొంతులో ఇందాకటి ధీమా లేదు. "జుట్టు మందు తిన్నవాళ్ళందరికీ ఇలాగే అయితే ఊళ్ళో సగం రిపోర్టులు తప్పే."

"మాత్రలో ఉండేది పిసరంత సార్. ఇంత చేయాలంటే చెంచాల లెక్కలో పోవాలి," అంది అమ్మాయి.

"అయితే నిరూపించు. ఆ రక్తంలోంచి బయోటిన్ తీసేసి చూడగలవా?" అని అడిగింది వదినగారు.

ఆ పిల్ల మందు సీసాల వైపు చూసింది. "ఆ పూసల్నే వాడొచ్చు. కొత్త సీసాలోంచి ఉత్త పూసలు తీసి రక్తంలో కలిపి అరగంట ఉంచితే వాటి నోళ్ళే బయోటిన్‌ని మింగేస్తాయి. అయస్కాంతంతో పూసల్ని పక్కకి లాగి, మిగిలింది మెషిన్‌లో పెట్టాలి. పుస్తకంలో చదివాను, ఎప్పుడూ చేయలేదు. కానీ మేడమ్..." ఫ్రిజ్ తీసి ట్యూబు వెలుతురులో పెట్టి చూపించింది. మూడుసార్లు చేసేసరికి అడుగంటింది. "ఒక్కసారికే సరిపోతుంది. తప్పితే ఇక లేదు."

"వీల్లేదు," అని ఇన్‌స్పెక్టరు అడ్డంగా నిలబడ్డాడు. "అది సాక్ష్యం. ముద్దాయి చేతికి సాక్ష్యం ఇచ్చి, కలుపుకో తల్లీ అంటే నా ఉద్యోగం పోతుంది. రేపు పెద్ద ల్యాబ్‌కి పంపిస్తాను."

"పంపు. వాళ్ళ దగ్గరా ఇదే కంపెనీ మెషిన్ ఉంటే నాలుగోసారి మూడు కంటే తక్కువ అని వస్తుంది. ఈ పిల్ల జైల్లో కూచుని ఉంటుంది."

"పూసలు కలిపితే దొంగ వెలుగు రాదని నమ్మకమేంటి?"

ఈ ప్రశ్న బాగుంది. వదినగారు మరిదిని మొదటిసారి మెచ్చుకోలుగా చూసింది. "అందుకే పక్కన ఇంకో రక్తానికీ ఇదే పని చేద్దాం. గుండె జబ్బు లేనివాడి రక్తానికి. దాంట్లో వెలుగు రాకూడదు, దీంట్లో రావాలి. ఏదీ, చొక్కా చెయ్యి పైకి మడువు."

"నాదా!"

"గుండె గట్టివాడివి కదా, మీ అన్నయ్య ఎప్పుడూ అంటూ ఉంటారు."

తుపాకులకు ఎదురెళ్ళిన మనిషి సూది చూసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సూది దిగకముందే "అబ్బా" అన్నాడు. ల్యాబ్ అమ్మాయి ఆ ట్యూబు మీద చీటీ అంటించి, ఆ తర్వాతే సూది బయటికి తీసింది. వదినగారు అది చూసింది. మరిది చూడలేదు, ఆయన కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

పదీ నలభై తొమ్మిదికి రెండు ట్యూబుల్లో పూసలు కలిశాయి. అడుగంటిన ఆ రక్తం మీద ఆ పిల్ల వేళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు. పదకొండూ పంతొమ్మిదికి అయస్కాంతం మీద పెట్టింది. మెషిన్ మూత పడేసరికి పదకొండూ ఇరవై రెండు. అంకె రావడానికి పద్దెనిమిది నిమిషాలు.

పదకొండున్నరకు జవాను తలుపు దగ్గరికి వచ్చి సెల్యూట్ కొట్టాడు. "సార్, జీపు వచ్చింది."

ఇన్‌స్పెక్టరు వదినగారిని చూశాడు, అమ్మాయిని చూశాడు. "ఇంజను ఆపి కూచోమను. పది నిమిషాలు," అన్నాడు.

ఆ పది నిమిషాలు ఊరికే పోనిస్తే ఆవిడ వదినగారెలా అవుతుంది? చనిపోయినాయన భార్యకు ఫోను చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది.

"అమ్మా, మీ ఆయన జుట్టుకి ఏదో పొడి తాగేవారట కదా?"

అవతల ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. "అవునండీ. మా తమ్ముడు తెచ్చిపెట్టాడు. రోజూ పాలల్లో ఒక చిన్న చెంచా. అది వికటించిందా ఏమిటి?"

"లేదు. ఆస్పత్రికి వచ్చిన రోజు కూడా తాగారా?"

"ఆ రోజు రెండు పెద్ద చెంచాలు వేశాను. పొద్దున నొప్పి అనగానే తమ్ముడికి ఫోను చేశాను. ముందు రెండు చెంచాలు పాలల్లో కలిపి పట్టించు, ఒంట్లోకి బలం వస్తుంది, ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళు అన్నాడు. ఎనిమిదింపావుకి తాగారు."

ఇన్‌స్పెక్టరు మోచేతి దగ్గర నొక్కిపట్టుకున్న దూది జారి కింద పడింది. ఆయన తీసుకోలేదు.

మెషిన్ చిన్నగా కూసింది. ముందు ఇన్‌స్పెక్టరు రక్తం అంకె వచ్చింది: మూడు కంటే తక్కువ. తర్వాత రెండో వరుస వెలిగింది. అమ్మాయి తెరను వదినగారి వైపు తిప్పింది.

రెండు వేల నూట నలభై.

"రిజిస్టరు ప్రకారం ఆ రోజు పొద్దున ఈ ల్యాబ్‌కి వచ్చింది పదకొండు మంది," అంది వదినగారు నెమ్మదిగా. "వాళ్ళలో గుండె ఆగి చచ్చిపోయింది ఒక్కడే. ఇది ఆయన రక్తమే మరిదీ. ఈ పిల్ల ఏ గొట్టమూ మార్చలేదు."

ఇన్‌స్పెక్టరు జేబులోంచి అరెస్టు కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, పొట్టికాలు బల్ల కింద తానే దోపాడు. అంతకు మించిన క్షమాపణ ఆయన వంశంలో ఎవరికీ చేతకాదు.

అమ్మాయి ముఖం చేతుల్లో దాచుకుంది. కానీ వదినగారు అటు చూడడం లేదు. ఫోను మీదికి వంగింది.

"అమ్మా, మీ తమ్ముడేం చేస్తుంటాడు?"

"ఆస్పత్రుల్లో రక్తం మెషిన్లు బిగిస్తాడండీ. మీ దగ్గరికే వచ్చాడు కదా, నాన్నని తీసుకుని. అల్లుడు పోయినప్పట్నుంచీ నాన్న కూడా గుండెల్లో బరువు అంటున్నాడు. పొద్దున తమ్ముడే పాలల్లో ఆ పొడి కలిపి తాగించి మరీ తీసుకొచ్చాడు. నార్మలే అని ఇందాక ఫోను చేశాడు, పోన్లే అనుకున్నాను."

అందరికంటే ముందు కదిలింది ల్యాబ్ అమ్మాయి. స్టూలు వెనక్కి పడిపోయింది.

"పెద్దాయన రిపోర్టు కింద నా సంతకం ఉంది," అని ఒక్కమాట అని తలుపు తోసుకుని పరిగెత్తింది. మూడు అంతస్తుల మెట్లు. లిఫ్టు కోసం ఆగలేదు. వెనక ఇన్‌స్పెక్టరు, ఆయన వెనక కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వదినగారు.

పెద్దాయన కింద వాకిలి దగ్గర బెంచీ మీద ఒక్కడే కూచుని ఉన్నాడు. పల్చటి మనిషి, మడత నలగని తెల్లచొక్కా. ఒక చెయ్యి ఛాతీ మీద ఉంది. నుదుటి మీద చెమట పూసలు కట్టింది.

"బాబాయిగారూ, నొప్పి ఎలా ఉంది?" అని వదినగారు పక్కన కూచుంది.

"రిపోర్టులో లేదన్నారమ్మా," అన్నాడాయన, తప్పు చేసినవాడిలా నవ్వుతూ. "ఇక్కడ మాత్రం ఉంది."

అమ్మాయి అప్పటికే చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. "తాతగారూ, నేను తప్పు రిపోర్టు ఇచ్చాను. రిపోర్టు సంగతి వదిలేయండి, నొప్పినే నమ్ముదాం. లోపలికి వెళ్దాం రండి."

"మా అబ్బాయి కారు తేవడానికి వెళ్ళాడమ్మా. నేను కనపడకపోతే కంగారుపడతాడు."

అప్పుడే ఆ కారు వాకిలి మలుపు తిరిగింది. నెమ్మదించింది. అద్దం వెనక ఇస్త్రీ చొక్కా కనిపించింది. అతను తండ్రి పక్కన వదినగారిని చూశాడు, కుర్చీ పట్టుకున్న అమ్మాయిని చూశాడు, పరిగెత్తుకొస్తున్న ఇన్‌స్పెక్టరును చూశాడు. కారు ఆగలేదు. గేటు దాటి వెళ్ళిపోయింది.

పెద్దాయన ఇంకా పార్కింగు వైపే చూస్తున్నాడు. ఆయన కళ్ళజోడు జేబులో ఉంది. కుర్చీ లోపలికి వెళ్ళింది, డ్యూటీ డాక్టరు కేకలు వినిపించాయి, తలుపు మూసుకుంది.

"గేట్లన్నిటికీ కబురు పంపాను. ఎక్కడికి పోతాడు?" ఇన్‌స్పెక్టరు ఒగర్చాడు. "అసలు ఎందుకు చేశాడు వదినా? సొంత బావని, కన్నతండ్రిని..."

"ఎందుకన్నది దొరికాక వాడే చెబుతాడు. ముందు సాక్ష్యం ఎక్కడుందో ఆలోచించు. పొడి డబ్బా ఎక్కడుంది? రెండు చెంచాలు వేయమన్నాడని చెప్పగలిగిన మనిషి ఎక్కడుంది?"

ఆయన జీపు వైపు పరిగెత్తాడు. వదినగారు పరిగెత్తుతూనే ఫోను నొక్కింది. బిజీ. మళ్ళీ నొక్కింది. బిజీ. జీపు గేటు దాటింది, రెండు సందులు తిరిగింది. మళ్ళీ నొక్కింది. ఆరోసారికి మోగింది.

"సారీ అండీ, తమ్ముడితో మాట్లాడుతున్నాను. మీరు ఇందాక నన్నేం అడిగారో అన్నీ అడిగాడు. చెప్పాను. డబ్బా ఎక్కడుందన్నాడు, వంటింట్లో అన్నాను. వాడి గొంతేమిటో అదోలా ఉంది. నాన్నకి బానే ఉందా?"

"అమ్మా, నేను చెప్పేది జాగ్రత్తగా విను. తలుపులన్నీ..."

"ఉండండి, బయట కారు ఆగింది. వాడే అయ్యుంటాడు. తలుపు తీసి వస్తాను."

"తీయకు! తలుపు తీయకమ్మా!"

అప్పటికే ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత వినిపించింది చెప్పుల చప్పుడు, మెల్లగా, వాకిలి వైపు వెళుతూ.